కూసుంటే కమిటీ, లేస్తే మేస్త్రి

పోయిన వారం మా ఊరి బడి హెడ్మాస్టరు ఒక కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. కుర్రవాడు, మంచివాడే, కానీ ఎప్పుడూ బండి దిగకుండానే మాట్లాడతాడు. బడి కమిటీలో నేనూ ఒక సభ్యుణ్ణి.

"తాతా, జెర గీడ సంతకం పెట్టు. అందరు పెట్టిండ్రు. నువ్వొక్కనివే మిగిలినవ్."

"ఏడ పెట్టిండ్రు?"

"ఒకాయన పొలంకాడ, ఒకామె బీడీలు చేసుకుంట, ఇంకొకాయన బస్సెక్కుకుంట."

"మరి కమిటీ కూసున్నదా?"

"ఎక్కడ తాతా?"

"ఎక్కడన్న. కూసున్నదా, లేదా?"

నాకు చెవుడు వచ్చిందనుకొని పాపం మొదటి నుంచి మళ్లీ గట్టిగా అరిచి చెప్పాడు. నాకు నవ్వు ఆగలేదు. లోపల బియ్యం ఏరుతున్న మా ఆవిడ చేటతో సహా బయటికి వచ్చి చూసిందంటే ఎంత నవ్వానో అనుకోండి. నవ్వింది హెడ్మాస్టరును చూసి కాదు. ఖాళీ పెయింటు డబ్బాను బోర్లించి, దాని మీద కలెక్టరులా కూర్చునే ఒక మనిషి గుర్తొచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

"అందరు కూసున్ననాడు పెడ్త, పో," అని హెడ్మాస్టరును పంపేశాను. పనిలో పని, ఆ డబ్బా మనిషి గురించి రాద్దామని కూర్చున్నాను.

ఆయన పేరు నేను రాయను. ఆ పేరు ఎక్కడ రాయాలో అక్కడ ఆయనే రాసుకున్నాడు. ఎన్ని తిప్పలు పడి రాసుకున్నాడో చెప్పడమే నా పని.

ఎనభైల మొదట్లో మేము ఉమ్ అల్ క్వైన్‌లో ఉండేవాళ్లం. మా ఊళ్లో వాళ్లకు మాత్రం దుబాయ్‌లో ఉన్నట్టే లెక్క. ఒకవైపు ఉప్పునీళ్లు, మిగిలిన వైపులంతా ఇసుక, మధ్యలో మా క్యాంపు. నేను ఇనుప చువ్వలు వంచేవాణ్ణి, ఆయన తాపీ మేస్త్రి. ఇద్దరిదీ ఒకటే జిల్లా. పొట్టి మనిషి, పెద్ద మీసం. ప్లాస్టరు చేసేటప్పుడు మీసం మీద సిమెంటు చింది, సాయంత్రానికి గట్టిపడి, వేలితో కొడితే టకటకమనేది. నవ్వితే పగుళ్లిచ్చేది. అందుకని పని రోజుల్లో నవ్వు ఆపుకొని, శుక్రవారం తలంటుకున్నాక వారం నవ్వంతా కలిపి ఒక్కసారే నవ్వేవాడు. నమ్మకపోతే మానండి.

మేము ఆయన్ను మేస్త్రన్న అనేవాళ్లం. తర్వాత ప్రెసిడెంటయ్యాడు గానీ, ఆ పిలుపు కూర్చున్నప్పుడు మాత్రమే.

మా క్యాంపు తెలుగువాళ్లలో చాలామందికి అక్షరం ముక్క రాదు. నాకూ రాదు. మా ఆవిడ పక్కింటి పిల్లతో రాయించిన మాటలు ఇక్కడ ఇంకొకరు చదివి, క్యాంపంతా విని నవ్వుకున్నాక గానీ నా దాకా వచ్చేవి కావు. హాజరు చూసే టైమ్‌కీపరు కడపాయన. ఆయన్ను భాయ్ సార్ అనేవాళ్లం. శుక్రవారం సెలవు గనక, నమాజుకు పోయి వచ్చాక మాకు అక్షరాలు చెప్తానన్నాడు. మేస్త్రన్న ఆ మాట పట్టుకొని మా ముదీర్ చుట్టూ, అంటే కంపెనీ మేనేజరు చుట్టూ తిరిగి తిరిగి, పాత సామాన్ల గది ఒకటి ఒప్పించాడు.

ముదీర్ తాళంచెవి వేలికి తగిలించి తిప్పుతూ, "బాస్ కౌన్?" అన్నాడు. ఎవరి చేతికియ్యాలని.

అందరం మేస్త్రన్న వైపు చూశాం. ఆలోచన ఆయనది, తిరిగిన కాళ్లు ఆయనవి. ఆయన మాత్రం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"బాస్ నహీ సాబ్. కమిటీ."

"కమిటీ కౌన్?"

"హమ్ తీన్ ఆద్మీ. లేకిన్ అభీ నహీ. బైఠేగా తో కమిటీ." మేం ముగ్గురం, కానీ ఇప్పుడు కాదు, కూర్చున్నాకే కమిటీ అని.

ముదీర్‌కు అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే మాకూ కాలేదు. ముందురోజే మెస్సులో చేతులెత్తించి ముగ్గుర్ని ఎన్నుకున్నాం. మేస్త్రన్న ఒకడు. రాజమండ్రి వైపు నుంచి వచ్చిన వంట బాబాయి ఒకడు. ఆయనకు చెయ్యెత్తకపోతే కూరలో ముక్క పడదని భయం. మూడోవాడు నిజామాబాద్ డ్రైవరు బావ. ఎత్తకపోతే పికప్‌లో దుబాయ్ తీసుకుపోడని భయం. ఇప్పుడు మేస్త్రన్న అక్కడే పడి ఉన్న పెయింటు డబ్బా బోర్లించి కూర్చున్నాడు. బాబాయిని ఒక ఇటుక మీద, బావను ఇంకో ఇటుక మీద కూర్చోబెట్టాడు. అప్పుడు చెయ్యి చాపాడు.

"అబ్ దేవ్ సాబ్."

ముదీర్ తాళంచెవి ఇస్తూ నవ్విన నవ్వు నాకు ఇంకా చెవుల్లో ఉంది.

ఆ రోజు మొదలు డబ్బా ఆయన వెంటే. నిలబడి ఉన్నప్పుడు బడి మాట ఎత్తితే నోరు విప్పేవాడు కాదు.

"అన్నా, బడి జెర పొద్దుగూకినంక పెడ్తే ఏమైతది?"

"నేను నిలవడ్డ, కనవడ్తలేదా? కూసుంటే కమిటీ, లేస్తే మేస్త్రి."

"అయితే కూసో మరి."

"ఒక్కన్ని కూసుంటే అలిసిపోయినట్టు. ముగ్గురం కూసుంటేనే కమిటీ."

ఎందుకింత పట్టు అని అడిగితే, "ఒక్కని చేతుల బడి ఉండొద్దు తమ్మీ" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట వచ్చేది కాదు.

మొదటి సమావేశం నాకు బాగా గుర్తు. కమిటీకి ఏమేం అధికారాలుంటాయో చెప్పమని భాయ్ సార్‌ను అడిగారు. ఆయన తమ జిల్లాలో చూసిన బడి కమిటీలను తలుచుకుంటూ చెప్పాడు. పంతుల్ని పెట్టుకోవచ్చు, వద్దనుకుంటే పంపేయొచ్చు. చదువుకునేవాళ్లను చేర్చుకోవచ్చు, తప్పు చేస్తే పేరు కొట్టేయొచ్చు. వేళలు పెట్టొచ్చు, సెలవులివ్వొచ్చు, గది ఎవరికన్నా వాడుకోవడానికి ఇవ్వొచ్చు. ఒక్కో అధికారం వినిపిస్తుంటే ముగ్గురి వీపులూ ఒక్కో అంగుళం నిటారయ్యాయి.

"సెలవు గుడ మనమే ఇయ్యొచ్చా?" అన్నాడు డ్రైవరు బావ. "మరి ఇంకేంది? దినాం సెలవే ఇద్దాం."

"నాకో అధికారం కావాలండీ," అన్నాడు వంట బాబాయి. "పక్క క్యాంపోళ్లు నా ఉల్లిపాయలు ఎత్తుకుపోతన్నారు. ఆళ్ల మీదో తీర్మానం చేసేద్దాం."

మేస్త్రన్న డబ్బా మీద నుంచే చెయ్యి చాపి గోడను తట్టాడు. "అది బడి పని కాదు బాబాయ్. మన అధికారం గీ గోడ దాక్నే. గోడ అవుతల మనం కూలోళ్లం."

ఆ మాటకు అందరం నవ్వాం. నవ్వు అయిపోయాక ఎందుకో ఆ గోడ వంక ఒకసారి చూశాం. దాన్ని నున్నగా ప్లాస్టరు చేసి నల్లరంగు పూసింది ఆయనే. అదే మా బోర్డు.

ఉల్లిపాయలతో ఇంకో గొడవ కూడా జరిగింది. అధికారం తలకెక్కిన వంట బాబాయి ఒకనాడు భాయ్ సార్‌ను వంటింట్లోకి పిలిచి, "నేను కమిటీ మెంబర్ని, మిమ్మల్ని పెట్టుకుంది మేవే, కాసిని ఉల్లిపాయలు కొయ్యండి" అన్నాడు. భాయ్ సార్ మెతక మనిషి, కళ్లనీళ్లు కారుస్తూ కోస్తున్నాడు. మేస్త్రన్న చూశాడు. అప్పటికప్పుడు బావను పిలిపించి, వంటింట్లోనే డబ్బా వేసి సమావేశం.

"బాబాయ్, ఒక్కనివి నువ్వు కమిటీవా?"

"మెంబర్నే కదండీ!"

"వంటింట్ల నువ్వు వంట బాబాయివి. నీ పక్కన మేమిద్దరం కూసుంటేనే కమిటీవి. ఒక్కనివి చెప్పిన మాట కమిటీ మాట కాదు, ఒక్కనివి ఇన్న మాట కమిటీ ఇన్నట్టు కాదు. రాసుకో."

"నాకు రాయడం వస్తే మీ బడికెందుకొస్తానండీ?" అన్నాడు బాబాయి. తీర్మానం నోటితోనే అయింది. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి, ముందు పని పడుతుంది.

ఇంకోసారి ఆయన మూడో అంతస్తు పరంజా మీద ఉన్నాడు. కొత్త కూలర్లు దిగాయి, ఒక్కరోజు గది కావాలని ముదీర్ కింద నుంచి కేకేశాడు. మేస్త్రన్న పైనుంచి దణ్ణం పెట్టాడు. "సాబ్, అకేలా మై కుచ్ నహీ." ఒక్కడిగా నేనేమీ కాను అని. గది కంపెనీదే, తాళం పగలగొట్టుకున్నా అడిగే దిక్కు లేదు. కానీ ముదీర్‌కు అప్పటికే ఈ ఆట మీద సరదా పుట్టింది. "యల్లా, కమిటీ బులావ్!" అన్నాడు, కానీ, పిలువు కమిటీని అని. బాబాయి గరిటెతో వచ్చాడు, బావ హారను కొట్టుకుంటూ వచ్చాడు. ముగ్గురూ పరంజా చెక్క మీద వరసగా కూర్చొని, కాళ్లు వేలాడేసి, గుసగుసలాడారు. ఒక్కరోజుకు ఇచ్చాం, నల్లగోడకు ఏదీ ఆనించొద్దు అని పైనుంచి తీర్పు చెప్పారు. ముదీర్ ఎండలో నిలబడి ఆసాంతం విన్నాడు. ఆ తర్వాత సెలవు అడగడానికి ఎవరు పోయినా, తన కుర్చీలో వెనక్కి వాలి, "కమిటీ బైఠా. బోలో" అనేవాడు.

ఇక వాన సంగతి. వాన పడితే సెలవని డ్రైవరు బావ పట్టుబట్టి తీర్మానం చేయించాడు. అక్కడ వాన ఎక్కడిది? నెలలకు నెలలు ఆకాశం వంక చూశాం. ఒక చలికాలం శుక్రవారం, 'క' గుణింతం నడుస్తుండగా రేకుల మీద టపటపమని మొదలైంది. ముప్పైలు, నలభైలు నిండిన మగవాళ్లం పలకలు పారేసి లేచాం.

"ఎవ్వలు కదలొద్దు!" అని మేస్త్రన్న ఒకటే కేక. "కమిటీ ఇంక కూసోలే!"

ముగ్గురూ డబ్బా, ఇటుకలు పట్టుకొని వానలోకి పోయి కూర్చున్నారు. మేము గుమ్మం దగ్గర ఒకరి మీద ఒకరం పడి చూస్తున్నాం.

"ఇది వానేనా?" అన్నాడు ప్రెసిడెంటు, మీసం నుంచి నీళ్లు కారుతుంటే.

"వానే బావా," అన్నాడు డ్రైవరు.

"బాబాయ్, నువ్వేమంటవ్?"

"వానేనండీ, తడిసిపోతన్నాను, తొరగా కానియ్యండి!"

తీర్మానం అయింది. ముగ్గురూ లేచి సెలవని ప్రకటించేసరికి వాన ఆగిపోయింది. ఇప్పుడు సెలవు ఉన్నట్టా, పోయినట్టా? పెద్ద వాదన. చివరికి మేస్త్రన్నే తేల్చాడు. "ఇచ్చిన సెలవు వాపసు తీసుకునే అధికారం మనం రాసుకోలే. పోర్రి!" ఇక చూడండి. తడి ఇసుకలో పడి దొర్లినవాళ్లు, చొక్కా విప్పి తిప్పినవాళ్లు, ఏడుపో నవ్వో తెలియకుండా అరిచినవాళ్లు. ముదీర్ కారు ఆపి చూసి, తల పట్టుకొని పోయాడు.

ఇంతకీ ప్రెసిడెంటే ఆ బడిలో మొదటి తరగతి. నా పక్కనే కూర్చునేవాడు. పలక మీద దిద్దింది తక్కువ, గోడల మీద దిద్దింది ఎక్కువ. పచ్చి ప్లాస్టరు మీద తాపీ మొనతో ఒక అక్షరం గీసి, రెండడుగులు వెనక్కి జరిగి, తల వంచి చూసుకొని, ఫోర్‌మన్ వచ్చేలోగా చెక్కతో నున్నగా రుద్దేసేవాడు. రుద్దితే పోతుందంటారు. పోనీ. ఆ ఊళ్లో ఏ గోడ గీకినా అడుగున మా మేస్త్రన్న గుణింతం ఉంటుందనే నేను అనుకుంటాను.

ఆయన తొందర వేరు. ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్నాడు. వాకిలి తలుపు పైన ఒక జానెడు మేర ప్లాస్టరు చేయనీయకుండా ఇటుకలు కనిపించేట్టు వదిలేయించాడు. ఎండాకాలం సెలవుకు పోయినప్పుడు అక్కడ తనే ప్లాస్టరు చేసి, పచ్చిగా ఉండగానే తన పేరు తన చేత్తో రాస్తానని భార్యకు మాటిచ్చాడు. పేరులో ముందు సగం అక్షరాలు పాఠాల్లో తొందరగానే వస్తాయి. వెనక సగం చివరికి గానీ రాదు. లెక్క వేసుకున్నాడు, సరిగ్గా సెలవుకు ముందు అయిపోతుంది.

"నీ పేరంత నేను చూపిస్త తియ్, గీసుకో," అన్నాడు ఒకసారి డ్రైవరు బావ. ఆయనకు అక్షరాలు కొంచెం వచ్చు.

"దొంగతనం జేసినట్టుంటది. బడిలనే నేర్చుకుంట."

ఇలా ఉండగా శుక్రవారాలు సినిమాలకని దుబాయ్ పోయేవాళ్లు ఎక్కువయ్యారు. కమిటీ కూర్చుంది. వరసగా మూడు శుక్రవారాలు కమిటీకి చెప్పకుండా మానేస్తే పేరు కొట్టేయాలి. మళ్లీ చేరాలంటే కొత్తవాళ్లతో పాటు 'అ' నుంచి. కారణం ఎంత మంచిదైనా ఇదే రూలు. అయితే కొట్టేసే ముందు మనిషిని పిలిచి అడిగి తీరాలి. అన్నీ మేస్త్రన్న పెట్టించినవే. మొదటి దెబ్బ ఒక క్రేన్ హెల్పరుకు తగిలింది. జ్వరపడ్డ స్నేహితుడికి తోడుగా పోయానన్నాడు పాపం. అడిగారు, విన్నారు, కొట్టేశారు. ఆయన వచ్చి 'అ' దగ్గర కూర్చున్నాడు.

ఆ తర్వాత మేస్త్రన్న బామ్మర్ది కొత్తగా దుబాయ్ అల్ కుసైస్‌లోని ఒక క్యాంపుకు వచ్చాడు. వచ్చిన రోజు నుంచీ ఇంటికి పోతానని ఒకటే ఏడుపు, అన్నం ముట్టడు. మేస్త్రన్న వరసగా మూడు శుక్రవారాలు పోయి వాడి పక్కన కూర్చొని కలిపి పెట్టి, నవ్వించి వచ్చాడు. నాలుగో శుక్రవారం వాడు కుదురుకున్నాడు. ఈయన పలక చంకలో పెట్టుకొని ఈల వేసుకుంటూ బడికి వచ్చాడు.

భాయ్ సార్ హాజరు పిలుస్తూ ఈయన పేరు దగ్గర ఆగాడు. వెనక నుంచి డ్రైవరు బావ ఉత్త తమాషాకే అన్నాడు: "మూడు వారాలాయె. కమిటీకి జెప్పిండా?"

"నాకు చెప్పారండీ," అన్నాడు వంట బాబాయి. "గురువారం గురువారం చెప్పే ఎల్లారు."

అందరం నవ్వాం. మేస్త్రన్న ఒక్కడూ నవ్వలేదు.

"బాబాయ్, నేను జెప్పినప్పుడు నువ్వేం జేస్తున్నవ్?"

"టీ పోస్తన్నానండీ."

"కూసున్నవా?"

"కూర్చుని టీ ఎలా పోస్తానండీ?"

"నేను?"

"మీరూ నిలబడే గ్లాసు పట్టుకున్నారు."

మేస్త్రన్న పలక కింద పెట్టాడు. "అయితే నేను కమిటీకి చెప్పలే," అన్నాడు మెల్లగా.

 ఆయన లేచి, మూలనున్న డబ్బా తెచ్చి వేసుకొని కూర్చున్నాడు. బాబాయికీ బావకూ ఇటుకలు చూపించాడు.

"ఏమయా, మూడు వారాలు ఎందుకు రాలే?" అని ఎదురుగా ఖాళీ స్థలాన్ని అడిగాడు. లేచి ఆ స్థలంలోకి వెళ్లి నిలబడి, "బామ్మర్ది ఏడ్వవట్టిండయ్యా," అన్నాడు. మళ్లీ వచ్చి డబ్బా మీద కూర్చొని, "కమిటీకి ఎందుకు జెప్పలే?" మళ్లీ లేచి, "యాది మర్సిన." మళ్లీ కూర్చొని, "ప్రెసిడెంటువై ఉండి యాది మరుస్తవా? సిగ్గు లేదా?" మేము పలకలు నోట్లో కుక్కుకొని నవ్వుతున్నాం. ఆయన మాత్రం రెండువైపులా చెమటలు కక్కుతున్నాడు.

"అట్ల కాదన్నా," అన్నాడు భాయ్ సార్. "నీ తగాదాలో నువ్వే తీర్పు చెప్పుకుంటే ఎట్లప్పా? ఎవరి సంగతి మాట్లాడుతాండారో ఆయన లేచి పక్కకు పోవల్ల."

న్యాయమే. లేచి పక్కకు పోయాడు. ఇప్పుడు ఇటుకల మీద ఇద్దరే మిగిలారు. ముగ్గురు కూర్చుంటే గానీ కమిటీ కాదు. ఈయన కూర్చుంటే సొంత తీర్పు, లేస్తే కమిటీయే లేదు.

"ఇంగేమప్పా," అని భాయ్ సార్ చేతులు దులిపాడు. "నిన్ను తీసేసే దారే లేదు. పోయి గుణింతం దిద్దుకోపో."

గదంతా చప్పట్లు కొట్టింది. ఆయన పేరు మిగిలింది, భార్యకిచ్చిన మాట దక్కింది. ఇంకెవరైనా అయితే పలక తీసుకొని కూర్చునేవాడు. ఈయన మొహం మాత్రం సున్నం పూసినట్టయింది.

"అంటే నన్ను ఎవ్వలు తీసెయ్యలేరా?"

"లేరన్నా."

"క్రేన్ హెల్పర్‌ను తీస్తిమి గద? నన్ను తీసెయ్యరాదా? గట్లయితే నేను గుడ పటేల్‌నే అయిన!"

ఏ పటేల్ అని ఎవరూ అడిగేలోగా ఆయన డబ్బా ఎత్తి గది మధ్యలో పెట్టాడు. "నేను ప్రెసిడెంటుగ ఉండ. ఇంకొకన్ని ఎన్నుకోర్రి. చేతులెత్తుర్రి!"

ఆ గొడవలో నా పక్కవాడు నా పేరు అరిచాడు, చేతులు లేచాయి, నన్ను తోసుకుంటూ తెచ్చి డబ్బా మీద పడేశారు. అడుగు చొట్టపడి ఉండేది, కూర్చుంటే అటూ ఇటూ ఊగేది. ఇన్నాళ్లూ ఆయన అంత దర్జాగా దాని మీద ఎలా కూర్చున్నాడో నాకిప్పటికీ అర్థం కాదు.

మేస్త్రన్న నా ఎదుట చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"అన్నా," అన్నాను. "నిన్ను తీసెయ్యొద్దనేటందుకు చెప్పుకునేది ఏమన్న ఉన్నదా?"

ఆయన కళ్లు మూసుకున్నాడు. "ఇంకోపారి అడుగు తమ్మీ."

"చెప్పుకునేది ఏమన్న ఉన్నదా?"

"ఇంకోపారి."

"ఏందన్నా గిది? చెప్పుకునేది ఏమన్న ఉన్నదా?"

అప్పుడు చెప్పాడు. చిన్నప్పుడు వాళ్ల ఊరి బడి అరుగు మీద కూర్చుని అక్షరాలు వింటుండేవాడట. బడి పటేల్ చేతిలో ఉండేది. పల్లికాయ బస్తాలు లోపల, పిల్లలు బయట. ఒకనాడు పటేల్ వాకిట్లో నిలబడి, చేతికర్ర ఈయన వైపు చూపించి, వీడెవడు, వీడిని గొడ్లకాడికి తోలుండ్రి అన్నాడట. పంతులు కిక్కురుమనలేదు. ఈయన లేచి వెళ్లిపోయాడు.

"కూసోను గుడ కూసోలే ఆయన. నిలవడే తీసేసిండు," అన్నాడు మేస్త్రన్న. "నువ్వేమన్న జెప్పుకుంటవా అని ఎవ్వలన్న అడిగితే నేనేం జెప్పేటోన్నో గుడ తెల్వది. కని అడగలే. ఇయ్యాల అడిగిండ్రు. గంతే. చెప్పుకునేది ఏం లేదు. కానియ్యుర్రి."

డ్రైవరు బావ ముక్కు చీదుకుంటూ, ఉంచాలన్నాడు. ఈ మంట పెట్టింది వాడే మరి. వంట బాబాయి, "తియ్యాల్సిందేనండీ," అన్నాడు. "ఒక్కడివి ఇన్న మాట కమిటీ ఇన్నట్టు కాదని నా వంటింట్లో కూర్చుని మీరే కదండీ చెప్పారు. నాకు చెబితే ఇప్పుడెలా చెల్లుద్ది?"

ఇక మిగిలింది నేను. ఎదురుగా 'అ' దిద్దుతున్న క్రేన్ హెల్పరు తలెత్తి చూస్తున్నాడు. మేస్త్రన్న కూడా చూస్తున్నాడు. ఉంచమని బతిమాలే చూపు కాదది. పరీక్ష పెట్టిన పంతులు పిల్లవాడి చేయి వంక చూసే చూపు.

"తీసేసినం," అన్నాను.

ఆయన ఒక్క ఎగురు ఎగిరి నన్ను డబ్బాతో సహా కౌగిలించుకున్నాడు. ఇద్దరం కింద పడ్డాం. లేచి, తలుపు తోసుకొని, చెప్పులు కూడా లేకుండా ఎండ ఇసుకలోకి పరుగు. "అడిగి తీసేసిండ్రు! నన్ను అడిగి తీసేసిండ్రు!" మలయాళీల క్యాబిన్ ముందు అరిచాడు, పఠాన్ల క్యాబిన్ ముందు హిందీలో అరిచాడు. పండగ చేసుకుంటున్నాడనుకొని ఒక పఠాను ఆయన నోట్లో ఖర్జూరాలు కుక్కాడు. ముదీర్ కిటికీలోంచి ఏమైందని అడిగితే, "సాబ్, మేరేకో స్కూల్ సే నికాల్ దియా!" అని చెయ్యి పట్టుకొని ఊపాడు. ముదీర్ ముబారక్ చెప్పాడు. ఏం చేస్తాడు మరి! ఆ సాయంత్రం వంట బాబాయి సేమ్యా పాయసం వండాడు. బడిలోంచి గెంటేస్తే పాయసం తిన్నవాణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

తర్వాతి శుక్రవారం పలక చంకలో పెట్టుకొని వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. స్నానం చేసి, మీసం దువ్వి, కొత్త పెళ్లికొడుకులా ఉన్నాడు. మేము ముగ్గురం కూర్చున్నాం.

"పేరు?" అన్నాను. వెనక నవ్వులు మొదలయ్యాయి.

పేరు చెప్పాడు.

"ఇంతకుముందు ఏడన్న సదివినవా?"

"రెండు బళ్లల్ల. రెండిట్ల నించి తీసేసిండ్రు. ఒకదాంట్ల అడగక, ఒకదాంట్ల అడిగి."

"మరి గిదే బడికి మళ్లెందుకొచ్చినవ్?"

"అడిగిన బడి గద. అందుకే వచ్చిన."

"సరే, లోపటికి రా."

ఆయన కదల్లేదు. వేలు పైకెత్తాడు. "గట్ల నువ్వొక్కనివి అంటె చెల్లదు తమ్మీ. ముగ్గురు అనాలె."

ముగ్గురం ఒక్కసారే అరిచాం. "రా!"

ఎండాకాలం సెలవు నాటికి పాఠాలు ఆయన పేరులో సగం దాకానే వచ్చాయి. అలాగే ఊరికి పోయాడు.

ఆయన చనిపోయాడని తెలిసి వాళ్ల ఊరు వెళ్లినప్పుడు ఆ వాకిలి చూశాను. తలుపు పైన పేరు ఉంది. ముందు సగం ఒక సిమెంటు, వెనక సగం ఇంకో సిమెంటు, రంగు తేడా దూరానికే కనిపిస్తుంది. రెండేళ్లు ఆ ఇంటికి సగం పేరే ఉందని ఆయన భార్య చెప్పింది. చావింట్లో ఉన్నామన్నది మరిచి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఇదేం పేరు, మిగిలిన సగమేదని ఊరంతా అడిగేదట. ఈయన ఆ సెలవున్నన్ని రోజులూ ఆ తలుపు కిందే ఒక డబ్బా వేసుకొని కూర్చొని, మీసం దువ్వుకుంటూ, అందరికీ ఒకటే జవాబు చెప్పేవాడట.

"మిగిలిన సగం కమిటీ దగ్గరున్నది."